సిగ్నల్ దగ్గర వెనకనుంచి బొలెరో గుద్దింది: క్లెయిమా, చేతి డబ్బులా?

తుంగభద్ర_తీరం (కర్నూలు)
అందరికీ నమస్తే. బళ్లారి చౌరస్తా సిగ్నల్లో ఆగి ఉంటే, ఎర్రగడ్డల లోడుతో మార్కెట్ యార్డుకు పోతున్న బొలెరో పికప్ వెనకనుంచి వచ్చి గుద్దింది. నాది స్విఫ్ట్ పెట్రోలు. మూడేళ్ళు దాటింది, నాలుగు నిండలేదు. డిక్కీ డోరు లోపలికి పోయింది, కుడివైపు టెయిల్ లైటు పగిలింది. విచిత్రం ఏందంటే బంపరుకు గీతలు తప్ప పెద్దగా ఏం కాలేదు. డిక్కీ పడుతుంది గానీ గట్టిగా కొడితే తప్ప పడదు.

డ్రైవరు చిన్న పిల్లోడు, భయపడిపోయినాడు. ఓనరుతో ఫోన్లో మాట్లాడించినాడు. ఐదు వేలు ఇస్తాం, ఇంతటితో వదిలేయండి అన్నారు. డబ్బులు ముట్టలేదు. బండి నంబరు, లైసెన్సు ఫోటోలు తీసుకుని వచ్చేసినా. నాకు ఫుల్ ఇన్సూరెన్సే ఉంది, జీరో డెప్ (పార్టులకు అరుగుదల కోత లేకుండా కట్టేది) మాత్రం లేదు. ఎన్‌సీబీ, అదే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 35 శాతం నడుస్తా ఉంది. క్లెయిమ్ చేస్తే అది పోతుంది కదా? ఆ ఐదు వేలకు ఇంకో ఐదు వేసుకుని షెడ్డులో చేయించుకుంటే పోలా? ఫోటోలు పెట్టినా, చూసి చెప్పండి.

గుత్తికోట44 (గుత్తి)
అడిగి ఏడువేలు చేయించుకో అన్నా, షెడ్డులో ఇచ్చేయ్. నేను వారంలో సగం రోజులు ఈ 44 హైవే మీదనే తిరుగుతా. ఇన్సూరెన్సు అన్నావంటే నష్టం లెక్కగట్టే సర్వేయరు రాడు, పార్టు రాదు, షోరూం వాడు ఫోన్ ఎత్తడు. కారు లేకుండా ఎన్ని రోజులు ఉంటావు?

బండి_పిచ్చోడు (అనంతపురం)
ఏమప్పా గుత్తన్నా, ఏడువేలకు డిక్కీ డోరు ఎవరిస్తారప్పా? డోరుకు, బంపరుకు రంగు కొట్టడానికే అంతకన్నా ఎక్కువైతాది.

నిర్వాహకుడు
రెండో ఫోటోలో బొలెరో నంబరు, మూడో ఫోటోలో డ్రైవరు లైసెన్సు కనిపిస్తున్నాయి. రెండూ తీసేశాను. అవి మీ దగ్గర భద్రంగా పెట్టుకోండి, ఇక్కడ వద్దు.

టింకరింగ్_మాస్టర్ (కడప)
తమ్ముడూ, బంపరుకు ఏం కాలేదు అని సంబరపడొద్దు. నాకు భయం అక్కడే.

పికప్ ముందు బంపరు మీ కారు బంపరు కంటే ఎత్తులో ఉంటాది. వెనక లోడు పడితే ముక్కు ఇంకా పైకి లేస్తాది. అంటే దెబ్బ తినడానికి పెట్టిన బంపరును వదిలేసి, దాని పైనుంచి వచ్చి నేరుగా డిక్కీ డోరును, దాని కింద ఉండే బ్యాక్ ప్యానెల్‌ను కొట్టినాడు. ఆ బ్యాక్ ప్యానెల్ డిక్కీ ఫ్లోరుకు వెల్డింగ్ అయి ఉంటాది. ప్యానెల్ లోపలికి పోయిందంటే ఫ్లోరు ముడత పడకుండా ఉండదు. డిక్కీ గట్టిగా కొడితేనే పడుతుంది అంటున్నావు చూడు, లాక్ కొక్కెం కూర్చునే చోటే పక్కకు కదిలింది.

ఒక పని చెయ్. డిక్కీలో మ్యాటు ఎత్తు, స్టెప్నీ బయటికి తీయ్. స్టెప్నీ గుంట అంచు చుట్టూ టార్చి వేసి చూడు. జాయింట్ల మీద బూడిద రంగులో పూసిన సీలెంటు చీలి ఉంటే, రంగు పెచ్చులు లేచి ఉంటే, రేకు అలలు అలలుగా కనిపిస్తే ఫ్లోరుకు దెబ్బ తగిలినట్టే. తర్వాత డిక్కీ మూసి, డోరుకు, వెనక చక్రం పైన ఉండే క్వార్టర్ ప్యానెల్‌కు మధ్య సందులో వేలు పెట్టి ఎడమ, కుడి పోల్చు. ఒక పక్క వేలు దూరి, ఇంకో పక్క దూరకపోతే బాడీ పక్కకు లాగింది.

ఇది చూడకుండా ఐదు వేలు, ఏడు వేలు అనే మాట ఎత్తొద్దు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
మాస్టరన్నా, ఇప్పుడే కిందికి పోయి చూసొచ్చినా. కుడివైపు సీలెంటు పొడుగునా చీలింది. రేకు మీద చెయ్యి పెట్టి రాస్తే మెట్టు మాదిరి తగులుతా ఉంది. సందు కుడివైపు బాగా తక్కువ.

షోరూంలో పైపైన చూసి ఇచ్చిన ఎస్టిమేటు ఇది: బంపరు 3,200, డిక్కీ డోరు 9,600, టెయిల్ లైటు 2,600, బ్యాక్ ప్యానెల్ 4,000, పెయింటింగు 16,000, లేబరు 9,000. మొత్తం 44,400. బంపరు విప్పితే పెరగొచ్చు అన్నారు.

గుత్తికోట44 (గుత్తి)
నలభై నాలుగు వేలా! సరే, నా మాట వెనక్కి తీసుకుంటా. అయినా గుద్దింది వాడు కదా, వాడి ఇన్సూరెన్సు నుంచి తీసుకోవాల. నీ ఎన్‌సీబీ ఎందుకు పోగొట్టుకోవాల?

పాలసీ_పెద్దాయన (కర్నూలు)
ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ ప్రశ్న కౌంటరు దగ్గర ఎంతమంది అడిగారో లెక్కలేదు. అవతలి బండి ఇన్సూరెన్సు కంపెనీ ఆఫీసుకు పోయి "మీ బండి గుద్దింది, డబ్బులివ్వండి" అంటే ఇవ్వరు. థర్డ్ పార్టీ పాలసీలో, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి కట్టేదాంట్లో, ఆస్తి నష్టానికి రక్షణ ఉంటుంది, మామూలుగా ఏడున్నర లక్షల దాకా. తక్కువ ప్రీమియం కోసం దాన్ని చట్టం చెప్పిన కనీసం ఆరు వేలకే కుదించుకున్న పాలసీలూ ఉంటాయి. కానీ ఏది తీసుకోవాలన్నా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోవాలి. రిపేరు ఖర్చు ఒక్కదానికోసం ఆ దారి పట్టినవాళ్ళు అరుదు. మీ రేకు సొట్టకు మీ ఓన్ డ్యామేజీ (సొంత బండి నష్టం) పాలసీనే దిక్కు.

జీరో డెప్ లేదు కాబట్టి మీ చేతినుంచి పడేది ఎంతో చూద్దాం. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు సగం కోత. బంపరు, లైటు కలిపి 5,800, అందులో 2,900 మీది. రేకు భాగాలకు బండి వయసును బట్టి కోత. మూడు నుంచి నాలుగేళ్ళ మధ్య 25 శాతం. డోరు, ప్యానెల్ కలిపి 13,600, అందులో 3,400 మీది. పెయింటింగు బిల్లులో నాలుగో వంతును రంగు సామాను కింద లెక్కగట్టి, అందులో సగం కోస్తారు: 2,000. లేబరుకు కోత లేదు. ఇవి కాక 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి మినహాయింపు 1,000. మొత్తం 9,300 మీది, 35,100 కంపెనీది. అద్దం పగిలి ఉన్నా దానికి కోత ఉండేది కాదు.

క్లిప్పులు, సీలెంటు లాంటి చిల్లర సామాను మీదే.

బండి_పిచ్చోడు (అనంతపురం)
పెద్దాయనా, ఎన్‌సీబీ లెక్క కూడా తేల్చేయండి సార్. అందరూ దానికే భయపడి చస్తారు.

పాలసీ_పెద్దాయన (కర్నూలు)
క్లెయిమ్ లేకపోతే ఈయనకు రాబోయే ఏళ్ళలో 45, ఆపైన వరుసగా 50 శాతం తగ్గింపు వచ్చేది. క్లెయిమ్ చేస్తే సున్నా, 20, 25, 35, 45 అని మళ్ళీ మెట్లెక్కాలి. ఏ ఏటికాయేడు తేడా తీస్తే 45, 30, 25, 15, 5. కూడితే 120 శాతం. అంటే క్లెయిమ్ వల్ల పోయేది, వచ్చే ఐదేళ్ళు కలిపి, ఒక ఏడాది ఓన్ డ్యామేజీ ప్రీమియం కంటే కాస్త ఎక్కువ. ఆ ప్రీమియం ఏడు వేలనుకుంటే 8,400. బండి విలువ తగ్గేకొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి నిజానికి అంతకూడా కాదు. థర్డ్ పార్టీ ప్రీమియానికి దీనితో సంబంధం లేదు.

35,100 వచ్చేచోట 8,400 పోతుందని ఆగేవాళ్ళు ఉండరు. అదే మొత్తం బిల్లు పది, పన్నెండు వేలైతే నేనే వద్దంటాను.

లా_పాయింట్ (కర్నూలు)
పెద్దాయన మాటకు చిన్న చేర్పు. డబ్బులు ముట్టలేదు, మంచిదైంది. కొందరు రోడ్డుమీద ఐదు వేలు పుచ్చుకుని, "ఇక ఏ సంబంధమూ లేదు" అని కాగితం రాసిచ్చి, మరుసటిరోజు క్లెయిమ్ వేస్తారు. మీకు డబ్బు కట్టాక గుద్దినవాడి మీద రాబట్టుకునే హక్కు మీ కంపెనీకి వస్తుంది. ఆ కాగితంతో దాన్ని మీరే పోగొట్టినట్టు. ఒకే నష్టానికి రెండుచోట్ల తీసుకున్నారన్న మాట కూడా పడుతుంది.

ఎవరికీ గాయాలు లేకపోతే ఇలాంటి సొట్టలకు ఓన్ డ్యామేజీ క్లెయిములో ఎఫ్ఐఆర్ సాధారణంగా అడగరు. స్టేషన్లో డైరీ ఎంట్రీ చేయించుకుంటే నష్టం లేదు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
లెక్క కళ్ళ ముందు పెట్టినారు, థాంక్యూ సార్. క్లెయిమ్ నంబరు తీసుకున్నా. ఇప్పుడు షోరూమా, షెడ్డా? కల్లూరు ఎస్టేటు వైపు తెలిసిన షెడ్డు ఒకటుంది. పని బాగుంటుందని పేరు.

ఏడురోడ్ల_ఆల్టో (కడప)
షోరూం అని కళ్ళు మూసుకుని ఇవ్వకు తమ్ముడూ. పోయినేడు నా ఆల్టో మూడు కార్ల గుద్దుడులో మధ్యలో ఇరుక్కుంది. వెనకవాడు నన్ను కొడితే నేను పోయి ముందుకారుకు తగిలినా. షోరూంలోనే చేయించినా, రంగు అద్దంలా ఉండింది. మొదటి వానకు డిక్కీలోంచి ముగ్గిన వాసన. మ్యాటు ఎత్తితే స్టెప్నీ నీళ్ళలో తేలుతా ఉంది! సీలెంటు సగంలో ఆపేసి, పైన మ్యాటు పరిచి ఇచ్చినారు. మళ్ళీ తీసుకుపోతే "వాన నీళ్ళు మీరే పోసినారేమో మేడం" అన్నాడు ఆ పిల్లోడు. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

గుత్తికోట44 (గుత్తి)
అక్కా, ముందూ వెనకా దెబ్బలంటే రెండు క్లెయిములా?

పాలసీ_పెద్దాయన (కర్నూలు)
ఒకే సంఘటన కాబట్టి ఒకటే. ఎప్పుడో గోడకు రాసుకున్న పాత గీతను కూడా ఇందులో కలిపేస్తామంటే మాత్రం సర్వేయరు పట్టేస్తాడు. పాత గీతలో దుమ్ము, తుప్పు ఉంటాయి, కొత్త దెబ్బలో ఉండవు.

టింకరింగ్_మాస్టర్ (కడప)
నేను షెడ్డువాణ్ణి, అయినా ఉన్నది చెప్తా. బంపరు గీత, డోరు సొట్ట అయితే మా దగ్గరికి రండి, షోరూం కంటే తక్కువలో అంతే బాగా చేస్తాం. ఫ్లోరు ముడత పడిందంటే, లాగి సరిచేసే బెంచి ఉన్నచోటికే పోవాల. గొలుసు కట్టి వేపచెట్టుకు లాగే షెడ్లు ఇంకా ఉండాయి, నేను చూసినా. రేకు బయటికొస్తాది, కానీ ఎంత రావాలో అంత రాదు, లేదంటే ఎక్కువ వస్తాది. తర్వాత వెనక చక్రం ఒక పక్క టైరునే తింటాది.

షెడ్డుకైనా షోరూంకైనా ఈ నాలుగు మాటలు ముందే చెప్పు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు తీసేయాల, లేకుంటే కంప్యూటరు బాక్సు కాలే ప్రమాదం. సొట్ట తీయకుండా లప్పం దట్టంగా పూసి నున్నగా చేస్తామంటే ఒప్పుకోవద్దు. వెల్డింగ్ అయినచోట లోపలివైపు తుప్పు పట్టకుండా కోటింగు కొట్టాల. రంగు కోడు బండి మీద స్టిక్కరులో ఉంటాది, దాన్ని చూసి కలపాల, కంటి అంచనాతో కాదు.

బండి తీసుకునేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుపో. పలచని గుడ్డ చుట్టి డోరు మీద, క్వార్టర్ ప్యానెల్ మీద జరుపు. రేకున్నచోట పట్టుకుంటాది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతాది. బంపరు మీద పెట్టి పట్టుకోలేదని గొడవపడొద్దు సామీ, అది ప్లాస్టిక్కు.

బండి_పిచ్చోడు (అనంతపురం)
హహ, పోయినసారి మా బావ అదే చేసినాడు మాస్టరన్నా. బంపరు అంతా లప్పమే అని షెడ్డు ముందు పంచాయితీ పెట్టినాడు.

లా_పాయింట్ (కర్నూలు)
షెడ్డులో చేయించినా డబ్బు తిరిగి రాబట్టుకోవచ్చు, నగదు రహితం, అంటే బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం, మాత్రం కంపెనీ ఒప్పందం ఉన్న గ్యారేజీల్లోనే. విప్పకముందే కంపెనీకి తెలియజేయాలి, జీఎస్టీ బిల్లు ఉండాలి. చాలా షెడ్లలో ఆగిపోయేది ఆ బిల్లు దగ్గరే. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటికీ 18 శాతమే జీఎస్టీ. ఎవరైనా పాత 28 వేస్తే అడగండి.

రాయలసీమ_రయ్‌రయ్ (డోన్)
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది కంపెనీలోనే బిగించి ఇచ్చిన సీఎన్‌జీ కారు. అమకతాడు టోలు దగ్గర క్యూలో ఉంటే వెనకనుంచి కారు తగిలింది. చిన్నదే, బంపరు కొంచెం లోపలికి పోయిందంతే. గ్యాస్ వాసన రాలేదు. నడుపుకోవచ్చా?

టింకరింగ్_మాస్టర్ (కడప)
సిలిండరు వాల్వు మూసి, పెట్రోలు మీద నడుపు. సిలిండరు డిక్కీలోనే ఉంటాది కాబట్టి వెనక దెబ్బకు ముందు కదిలేది దాని బ్రాకెట్లే. బోల్టు వదులైందా, పైపు నొక్కుకుపోయిందా, సిలిండరు మీద గాటు పడిందా అనేది సీఎన్‌జీ పని తెలిసినవాళ్ళకే చూపించు. దాన్ని మాలాంటివాళ్ళు సుత్తితో ముట్టుకోకూడదు.

పాలసీ_పెద్దాయన (కర్నూలు)
మూడేళ్ళకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో సిలిండరు పరీక్ష) తేదీ సిలిండరు పలక మీద ఉంటుంది, అదీ చూసుకోండి. గడువు దాటి ఉంటే సర్వేయరు అడుగుతాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తోసేయకూడదని ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టంగా చెప్పింది. దానికీ దీనికీ పోల్చుకోవద్దు.

గుత్తికోట44 (గుత్తి)
డోన్ అన్నా, హైవే మీద బండి కదలకుంటే 1033కు ఫోన్ చెయ్. జాతీయ రహదారుల వాళ్ళ నంబరు, క్రేను పంపిస్తారు. ఎవడో ప్రైవేటు క్రేనువాడు వచ్చి నోటికొచ్చిన రేటు చెప్పేదాకా ఆగొద్దు.

ఏడురోడ్ల_ఆల్టో (కడప)
అందరూ బండి గురించే అడుగుతున్నారు. తమ్ముడూ, నీ మెడ ఎట్లుంది? నాకు ఆరోజు ఏం తెలియలేదు. ఇంటికొచ్చి వంట కూడా చేసినా. మరుసటిరోజు పొద్దున తల తిప్పితే ప్రాణం పోయింది. వెనకనుంచి గుద్దితే ఒళ్ళు సీటుతో ముందుకు పోతుంది, తల వెనకే ఉండిపోతుంది, ఆ కుదుపు మెడ మీద పడుతుంది అని డాక్టరు చెప్పినాడు. నా సీటు తలదిండు కిందికి దించి ఉండింది, అది మెడకు ఆనుతుంది గానీ తలకు కాదు. దాని పైఅంచు తల పైభాగం ఎత్తుకు వచ్చేట్టు పెట్టుకోవాలంట.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
మెడ బాగుంది అక్కా. పక్కన కూర్చున్న మా నాయనకు మాత్రం భుజం పట్టేసినట్టుంది అంటున్నాడు. రేపు చూపిస్తా.

లా_పాయింట్ (కర్నూలు)
చూపించండి, ప్రమాదంలో అయిందని చీటీలో రాయించండి. నొప్పి నిజంగా గాయమే అని తేలితే అప్పుడు ఎఫ్ఐఆర్ అవసరం పడుతుంది. గాయానికి పరిహారం బొలెరో థర్డ్ పార్టీ పాలసీ నుంచి ట్రిబ్యునల్ ద్వారా వస్తుంది. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆర్నెల్లలోపు దరఖాస్తు వేయాలి. బొలెరోకు ఇన్సూరెన్సు ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి, ఆ స్క్రీను దాచుకోండి.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
నాయనకు కండరం పట్టిందంతే, ఎముకకు ఏం లేదన్నారు. మాత్రలతో తగ్గింది. కేసు గీసు వద్దు అన్నాడు ఆయనే.

బండి సంగతి. బెంచి ఉందని నిర్ధారించుకుని షోరూంలోనే ఇచ్చినా. బంపరు విప్పేటప్పుడు నేను పక్కనే నిలబడినా. మాస్టరన్న చెప్పినట్టే ఫ్లోరు కుడి మూల మడత పడింది. లేబరు ఇంకో 11,000, డిక్కీ రబ్బరు బీడింగు 1,400 కలిపి కొత్త ఎస్టిమేటు 56,800కు పోయింది. మొదట ఫోటోలతో కానిచ్చేద్దాం అన్న కంపెనీ ఇప్పుడు సర్వేయరు రావాలంటోంది.

పాలసీ_పెద్దాయన (కర్నూలు)
యాభై వేలు దాటితే లైసెన్సున్న సర్వేయరు చూడాల్సిందే. ఆయన వచ్చేదాకా విప్పినదాన్ని అట్లాగే ఉంచమనండి. పాత బంపరు, లైటు, డోరు పారేయనివ్వొద్దు, మళ్ళీ తనిఖీకి అడుగుతారు. పెరిగినదాంట్లో 11,000 లేబరే కాబట్టి మీకు కోత లేదు. బీడింగు రబ్బరు, అందులో సగం 700. మీ వాటా 9,300 నుంచి పది వేలకు పోతుంది, అంతే.

గుత్తికోట44 (గుత్తి)
సర్వేయరు రాడు చూడు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
వచ్చినాడు గుత్తన్నా :) కాస్త ఆలస్యంగా వచ్చినాడు గానీ, ఫ్లోరు మొత్తం ఒప్పుకున్నాడు. డోరు మార్చకుండా సరిచేద్దామని ఒకమాట అన్నాడు. లోపలి ఫ్రేము విరిగినచోటు చూపిస్తే సరేనన్నాడు.

నిన్న బండి తెచ్చుకున్నా. చిల్లర సామాను 900తో కలిపి బిల్లు 57,700. కంపెనీ 46,800 కట్టింది, నా చేతినుంచి 10,900. అయస్కాంతం జరిపినా, డోరు మీద, క్వార్టర్ మీద బాగానే పట్టుకుంది. అక్క మాట గుర్తుపెట్టుకుని అక్కడే పైపు తెప్పించి డిక్కీ మీద నీళ్ళు కొట్టించినా. ఎడమవైపు లైటు కిందనుంచి సన్నగా ధార వచ్చింది! దెబ్బ కుడివైపు, కారేది ఎడమవైపు. లైటు విప్పి మళ్ళీ బిగించేటప్పుడు రబ్బరు మడతపడిందంట. నా ముందే సరిచేసి, మళ్ళీ నీళ్ళు కొట్టినారు. అలైన్‌మెంటు కాగితం కూడా తీసుకున్నా, వెనక చక్రాలు లెక్కలోనే ఉన్నాయి.

ఏడురోడ్ల_ఆల్టో (కడప)
బతికించినావు. మా షోరూం పిల్లోణ్ణి అక్కడికి ట్రైనింగుకు పంపాల.

టింకరింగ్_మాస్టర్ (కడప)
రంగు ఎండలో చూసినావా? షెడ్డు లైటు కింద అన్నీ ఒకే రంగులో ఉంటాయి. పొద్దున ఎండలో పక్కనుంచి చూడు, డోరుకు క్వార్టర్‌కు తేడా ఉంటే అప్పుడు కనిపిస్తాది. కొత్త రంగు మీద కొన్నాళ్ళు వ్యాక్స్ పాలిష్ పెట్టించొద్దు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
తెల్ల రంగే అన్నా, ఎండలో కూడా తేడా లేదు. ఒక్కటే మిగిలింది. వెనక నంబరు ప్లేటు మడిచి పోయి ఉండింది. షోరూం వాళ్ళు సుత్తితో సాపు చేసి రెండు స్క్రూలు కొట్టినారు. హోలోగ్రాం దగ్గర చీలింది. ఇట్లే తిరగొచ్చా?

లా_పాయింట్ (కర్నూలు)
వద్దు. హై సెక్యూరిటీ ప్లేటుకు స్క్రూ కాదు, విప్పితే విరిగే లాక్ ఉండాలి. ఆన్‌లైన్లో బుక్ చేసేటప్పుడు కొత్త ప్లేటు అని కాకుండా, పాడైనదాని బదులు, వెనకది మాత్రమే అని ఎంచుకోండి. పాత ప్లేటు తీసుకుపోవాలి, వాళ్ళు వెనక్కి తీసుకుంటారు. బుక్ చేసిన రసీదు బండిలో పెట్టుకోండి.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
బుక్ చేసేసినా సార్. రసీదు డాష్‌బోర్డులో పెట్టినా.